విప్పి బాగుచేసుకోగలిగే లాప్‌టాప్‌ను ఎలా ఎంచుకోవాలి?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన రోజు సాయంత్రానికే నాకు ఫోన్లు మొదలవుతాయి. అనంతపురంలో చాలా ఏళ్లుగా పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను, అందుకని. "సార్, ఎంత పెడితే నాలుగేండ్లు వస్తాది?" అని తండ్రి అడుగుతాడు. వెనక నుంచి పిల్లవాడి గొంతు వినిపిస్తుంది: "ఐ5 తీసుకోవాల్నా, ఐ7 తీసుకోవాల్నా అడుగు నాయనా." పిల్లవాడి ప్రశ్నకు ఏ షాపులోనైనా జవాబు దొరుకుతుంది. తండ్రి అడిగినదానికే ఎవరూ సరిగా చెప్పరు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఒక చిన్న లెక్క చూడండి. ఇంటి వాడకానికి అమ్మే లాప్‌టాప్‌లకు ఎక్కువగా ఏడాది వారంటీ ఉంటుంది. బీటెక్ నాలుగేళ్లు. అంటే మూడేళ్లు ఏది పోయినా ఖర్చు మీదే. ఆ మూడేళ్లలో బ్యాటరీ నీరసించడం ఖాయం. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకోవడం ఖాయం. మూడో ఏడు వచ్చేసరికి ర్యామ్ (పని చేస్తున్నప్పుడు వాడే తాత్కాలిక మెమరీ) చాలదనిపిస్తుంది. ఇవన్నీ విప్పి మార్చుకునేవైతే ఏ గొడవా లేదు, ఒక పూట పని. లోపలి బోర్డుకే సోల్డర్ చేసి, అంటే కరిగించిన లోహంతో అతికించి ఉంటే మాత్రం చిన్న చిప్ పోయినా మదర్‌బోర్డు మొత్తం మార్చమంటారు. ఆ ధర వినగానే చాలామంది కొత్తది కొనేస్తారు.

మా తమ్ముడి కూతురి లాప్‌టాప్ మూత పద్నాలుగో నెలలో ఊడింది. కింద పడలేదు, ఎవరూ తొక్కలేదు. తెరుస్తుంటే ఎడమ మూలన టప్‌మని చప్పుడైంది. హింజ్‌ను, అంటే మూత తిరిగే కీలును, పట్టుకునే ఇత్తడి నట్లు ప్లాస్టిక్‌ను పెళ్లగించుకొని బయటికి వచ్చేశాయి. వారంటీ అయిపోయి రెండు నెలలు. స్పేర్ బెంగళూరు నుంచి రావడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా సెమిస్టర్ ప్రాజెక్టు స్నేహితురాలి లాప్‌టాప్‌లో చేసుకుంది. కొనేటప్పుడు పక్కన ఉన్నది నేనే. ప్రాసెసర్ చూశాను, ర్యామ్ ఎంతో చూశాను. హింజ్ దేనికి బిగించారో చూడలేదు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక నోటు పుస్తకం. ప్రతి మోడల్‌కు ఒక పేజీ కేటాయించండి.
- ఫోన్‌లో డేటా, ఒక గంట ఓపిక. సర్వీస్ మాన్యువల్ చదవడానికి.
- 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్. సెకండ్ హ్యాండ్ చూసేవాళ్లు అందులో విండోస్ ఇన్‌స్టాలర్‌ను ముందే ఎక్కించి పెట్టుకోవాలి.
- ఇయర్‌ఫోన్స్, ఫోన్ హాట్‌స్పాట్.
- చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్. ఇది కొన్న తరువాత ఇంట్లో వాడటానికి. కొత్త లాప్‌టాప్‌ను షాపులో విప్పమని అడగకండి, విప్పరు. సెకండ్ హ్యాండ్ అయితే షాపువాళ్ల చేతనే విప్పించండి.

1. ముందు పని రాసుకోండి

కోడింగ్, ఆఫీసు ఫైళ్లు, ఆన్‌లైన్ క్లాసులు, కాస్త ఫొటో ఎడిటింగ్. ఇంతే అయితే మామూలు ఐ5 లేదా రైజెన్ 5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే స్టోరేజీ) చాలు. డబ్బు తక్కువైతే ఇప్పుడు 8 జీబీతో కొనండి, కానీ ర్యామ్ గుచ్చే రెండో స్లాట్ ఖాళీగా ఉండాలి. సివిల్, మెకానికల్ పిల్లలకు త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ అవసరమని సీనియర్లు భయపెడతారు. మొదటి ఏడాదిలో దాని అవసరం చాలా తక్కువ. కాలేజీ ల్యాబ్‌లో ఏ వెర్షన్ వాడుతున్నారో తెలుసుకొని, దానికి ఏం కావాలో చూసి అప్పుడు నిర్ణయించుకోండి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ లాప్‌టాప్‌లు ఎక్కువ వేడెక్కుతాయి, బరువుంటాయి, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. మన ఎండలకు నేను వాటిని ఎవరికీ చెప్పను.

2. మోడల్ పూర్తి పేరు పట్టుకోండి

"లెనోవో తీసుకుందామా, డెల్ తీసుకుందామా?" అనే ప్రశ్నతో దారి తప్పుతారు. ఒకే కంపెనీ రెండు రకాలు చేస్తుంది: ఇళ్లకు అమ్మేవి, ఆఫీసులకు అమ్మేవి. లెనోవోలో ఐడియాప్యాడ్ ఇంటిది, థింక్‌ప్యాడ్ ఆఫీసుది. హెచ్‌పీలో పెవిలియన్ ఇంటిది, ప్రోబుక్, ఎలైట్‌బుక్ ఆఫీసువి. డెల్‌లో ఇన్‌స్పిరాన్ ఇంటిది, లాటిట్యూడ్ ఆఫీసుది. 2025లో డెల్ ఈ పాత పేర్లు తీసేసి ఆఫీసు రకానికి డెల్ ప్రో అని పెట్టింది. ఏసర్‌లో ట్రావెల్‌మేట్, అసూస్‌లో ఎక్స్‌పర్ట్‌బుక్ కూడా ఆఫీసువే. ఆఫీసులు ఒకేసారి వందలు వేలు కొంటాయి, వాటిని తమ మనుషుల చేతనే బాగుచేయించుకుంటాయి. అందుకే కంపెనీలు ఆ రకాలను తేలిగ్గా విప్పేలా చేస్తాయి, వాటి స్పేర్లు కూడా ఎక్కువ కాలం దొరుకుతాయి.

అలాగని ఆఫీసు రకమన్న ఒక్క మాటకే కొనకండి. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి, వెనక బ్యాటరీ చేత్తో ఊడదీయవచ్చు. దాని తరువాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి, ఒక్క స్లాటే ఇచ్చారు, బ్యాటరీ లోపలికి పోయింది. 2024లో వచ్చిన టీ14 ఐదో తరంలో మళ్లీ రెండు స్లాట్లు ఇచ్చారు. సన్నగా, తేలిగ్గా ఉండే ఎక్స్1 కార్బన్‌లో ర్యామ్ అంతా సోల్డరే. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన అన్నదమ్ములు ఒకలా ఉంటారా? అలాగే ఇవీ. కాబట్టి బాక్సు మీది పూర్తి పేరు, తోకలో వచ్చే అంకెలు అక్షరాలతో సహా, నోటు పుస్తకంలో రాసుకోండి.

3. సర్వీస్ మాన్యువల్ తెరవండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. చాలామంది దాటేసేదీ ఇదే. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ ఆఫీసు మోడళ్లకు విప్పే పద్ధతిని బొమ్మలతో సహా తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెడతాయి. లెనోవో దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటుంది, డెల్ సర్వీస్ మాన్యువల్ అంటుంది. మోడల్ పేరుకు ఆ మాటలు కలిపి వెతకండి. మాన్యువల్ దొరకని మోడల్‌ను నేనైతే జాబితాలోంచి కొట్టేస్తాను.

ఇంగ్లీషు చదవడానికి ఇబ్బందైతే బొమ్మలు చూసినా చాలు. ఈ కింది భాగాలు ఒక్కొక్కటీ ఎలా ఊడతాయో చూసి నోటు పుస్తకంలో రాయండి.

ర్యామ్. స్లాట్లు ఎన్ని? స్పెసిఫికేషన్‌లో ఎస్‌ఓడిమ్ అని ఉంటే మార్చుకోవచ్చు. డీడీఆర్ ముందు ఎల్‌పీ అనే రెండు అక్షరాలు ఉంటే, అంటే ఎల్‌పీడీడీఆర్4ఎక్స్, ఎల్‌పీడీడీఆర్5 అని ఉంటే, దాదాపు ఎప్పుడూ అది బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. కొన్నిట్లో 8 జీబీ సోల్డర్, పక్కన ఒక స్లాట్ ఉంటాయి. బడ్జెట్ కుదరకపోతే దానితో సర్దుకోవచ్చు. అయితే సోల్డర్ చేసిన భాగం పోతే బోర్డు సంగతే చూడాలని గుర్తుంచుకోండి.

స్టోరేజీ. ఎం.2 ఎస్‌ఎస్‌డీ అని ఉండాలి. అది ఒక్క స్క్రూతో ఊడివస్తుంది. ఈఎంఎంసీ అని ఉంటే అది బోర్డుకే అతికిన స్టోరేజీ, ఆ మోడల్ వదిలేయండి. చవక లాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ.

బ్యాటరీ. స్క్రూలతో బిగించారా, జిగురుతో అతికించారా? స్క్రూలైతే మంచిది. ఇంకో కిటుకు ఉంది. బ్యాటరీ పార్ట్ నంబర్ రాసుకొని, అది ఇంకెన్ని మోడళ్లకు సరిపోతుందో చూడండి. ఉదాహరణకు లాటిట్యూడ్ 5490కీ 5590కీ ఒకే రకం బ్యాటరీ సరిపోతుంది. ఎక్కువ మోడళ్లకు పనికొచ్చే బ్యాటరీ ఎక్కువ కాలం బజారులో ఉంటుంది.

చార్జింగ్ పిన్. గుండ్రటి పిన్ అయితే చాలాసార్లు అది చిన్న వైరుతో విడిగా వస్తుంది, ఊగిపోతే దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. యూఎస్‌బీ-సీ పోర్టు సాధారణంగా బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. యూఎస్‌బీ-సీతో లాభమూ ఉంది: 65 వాట్ల మంచి అడాప్టర్ ఏ కంపెనీదైనా చాలావాటికి పనికొస్తుంది. రెండూ ఉన్న మోడల్ దొరికితే దాన్నే పట్టుకోండి. ఎలైట్‌బుక్ 840 జీ5 అలాంటిదే, ఒకటి పాడైతే రెండోదానితో చార్జి చేసుకోవచ్చు.

కీబోర్డు. మాన్యువల్‌లో కీబోర్డును విడిగా స్క్రూలు తీసి మార్చినట్టు చూపించారా, లేక పై ప్లేటుతో కలిపి మార్చమన్నారా? ఇంటి రకాల్లో చాలావాటికి కీబోర్డును ప్లాస్టిక్ మొలకలు కరిగించి పై ప్లేటుకు అతికిస్తారు. ఒక్క అక్షరం పోయినా ప్లేటు మొత్తం కొనాలి, లేదా మెకానిక్ ఆ మొలకలన్నీ కోసి మళ్లీ అతికించాలి. టీ ఒలికే ఇళ్లలో ఇది పెద్ద ఖర్చే.

ఫ్యాన్. కింది మూత తీయగానే ఫ్యాన్ కనబడాలి. మదర్‌బోర్డు బయటికి తీస్తే గానీ ఫ్యాన్ రాదంటే, శుభ్రం చేసిన ప్రతిసారీ మెకానిక్‌కు గంట పని, మీకు డబ్బు.

తెర. టచ్ లేని, మెరుపు లేని మామూలు తెర తీసుకోండి. పగిలితే పలక ఒక్కటే మార్చవచ్చు. చాలా టచ్ తెరల్లో అద్దం, పలక కలిపి అతికించి ఉంటాయి, ఖర్చు బాగా పెరుగుతుంది.

ఈ ఏడింటిలో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ, ఫ్యాన్ నాలుగూ విడిగా ఊడితే ఆ మోడల్‌ను జాబితాలో ఉంచండి. కీబోర్డు, పిన్ కూడా విడిగా వస్తే ఇంక సందేహించకండి.

మ్యాక్‌బుక్ గురించి కూడా అడుగుతారు. బాడీ గట్టిది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, నిజమే. కానీ ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ మీరు మార్చలేరు. అది కొనాలనుకుంటే నాలుగేళ్ల తరువాత కావాల్సినంత ర్యామ్, స్టోరేజీ మొదటి రోజే తీసుకోవాలి.

4. మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారో కొనకముందే అడగండి

కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు వేయండి. మా పిన్‌కోడ్‌కు ఇంటికి వచ్చి బాగుచేసే ఆన్‌సైట్ సర్వీస్ ఉందా? లేకపోతే దగ్గరి సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో? వారంటీ ఇంకో రెండేళ్లు పొడిగిస్తే ఎంత? అనంతపురం అయితే 515001, కడప 516001, కర్నూలు 518001 చెప్పి అడగండి. పల్లెల్లో ఉండేవాళ్లు తమ సొంత పిన్‌కోడే చెప్పాలి. టౌన్‌కు ఉన్న సర్వీస్ పాతిక కిలోమీటర్ల అవతల ఉండకపోవచ్చు.

తరువాత ఊళ్లో మీకు తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. "ఈ మోడల్ బ్యాటరీ ఎంత, కీబోర్డు ఎంత, తెర ఎంత? ఎన్ని రోజుల్లో తెప్పిస్తావన్నా?" అని అడిగి ఆ మూడు ధరలూ రాసుకోండి. మెకానిక్ మొహం చూస్తేనే సగం తెలుస్తుంది. "అదా, తెచ్చేయొచ్చు" అంటే ఆ మోడల్‌ను చాలాసార్లు విప్పాడని అర్థం. "చూడాలి సార్" అంటే స్పేర్ దొరకడం కష్టమన్నమాట.

అనంతపురానికి చాలా స్పేర్లు బెంగళూరు ఎస్పీ రోడ్ నుంచి వస్తాయి. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం, బస్సు పార్సిల్‌లో తెల్లారేసరికి చేరుతుంది. కర్నూలు వాళ్లకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అనువుగా ఉంటుంది.

5. షాపులో చేత్తో చూడండి

డిస్‌ప్లేకు పెట్టినదాన్ని తీసుకోండి. మూతను ఒక మూల పట్టుకొని నెమ్మదిగా తెరవండి. తెర వంకరపోతున్నట్టు అనిపించినా, కింది భాగం గాల్లోకి లేచినా, హింజ్ దగ్గర ప్లాస్టిక్ నోరు తెరుచుకున్నట్టు సన్నటి సందు కనిపించినా పక్కన పెట్టండి. కీబోర్డు మధ్యలో వేలితో నొక్కితే గుంట పడకూడదు. కింద వైపు తిప్పి స్క్రూలు చూడండి. మామూలు ప్లస్ స్క్రూలైతే మంచిది. రబ్బరు పాదాల కింద స్క్రూలు దాచి ఉంటే, విప్పిన ప్రతిసారీ ఆ రబ్బరు మళ్లీ సరిగా అతకదు.

అమ్మేవాళ్లు మిలిటరీ గ్రేడ్ అని చూపిస్తారు. మిల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా సైన్యం రాసిన పరీక్షల పద్ధతి. అందులో చాలా పరీక్షలుంటాయి, ఏవి చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. దానికి సైన్యం ముద్ర ఏమీ ఉండదు. ఉంటే సంతోషం, కానీ దాని కోసం ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

6. సెకండ్ హ్యాండ్ తీసుకుంటే

కొత్త ఆఫీసు లాప్‌టాప్ ధర చాలా ఇళ్లకు అందదు. కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన వాటిని శుభ్రం చేసి అమ్ముతారు. అదే డబ్బుకు వచ్చే కొత్త చవక లాప్‌టాప్ కన్నా ఇవి మేలని నా అనుభవం. అయితే కింది పరీక్షలు షాపులోనే, డబ్బు ఇవ్వకముందే చేయాలి. ఒక గంట పడుతుంది. తొందరపెడితే బయటికి వచ్చేయండి.

ప్రాసెసర్ తరం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైన ఉండాలి. ఐ5-8250యూలో ఆ 8 ఎనిమిదో తరానికి గుర్తు. ఐ5-7200యూ చవకగా ఇస్తామన్నా వద్దనండి. రైజెన్ అయితే 4000 సిరీస్ నుంచి చూస్తే తకరారు ఉండదు. విండోస్ వద్దు, లైనక్స్ వాడతాను అనేవాళ్లకు పాత తరం కూడా పనికొస్తుంది.

తాళాలు. ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే లాప్‌టాప్ సొంత సెట్టింగుల పేజీలోకి, వెళ్లండి: ఆన్ చేయగానే థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 నొక్కాలి. పాస్‌వర్డ్ అడిగితే ఆ లాప్‌టాప్ వద్దు. "రేపు తీసిస్తాం" అంటే రేపు తీశాకే రండి. సెక్యూరిటీ పేజీలో అబ్సల్యూట్ లేదా కంప్యూట్రేస్ అనే వరుస యాక్టివేటెడ్ అని ఉంటే అది పాత కంపెనీ నిఘాలో ఉన్నట్టే. తరువాత మీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేయించి, హాట్‌స్పాట్‌కు కలపండి. సెటప్ మధ్యలో ఏదైనా సంస్థ పేరు వచ్చి వాళ్ల మెయిల్‌తో లాగిన్ అవమంటే, ఆ లాప్‌టాప్ ఇంకా వాళ్ల లెక్కలోనే ఉంది. నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఇది బయటపడదు. అందుకే హాట్‌స్పాట్ మీదే ఉండాలి.

బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషులో పవర్ అనే మాట, దానికి ఆనుకొని సి, ఎఫ్, జి అక్షరాలు కొట్టండి. ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి, బ్యాటరీ రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి రాసి ఎంటర్ నొక్కండి. ఒక ఫైల్ తయారై, అది ఎక్కడుందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. మొదటిది 68,000, రెండోది 47,600 అయితే బ్యాటరీ 70 శాతం మిగిలిందని అర్థం. అంతకన్నా తక్కువైతే కొత్త బ్యాటరీ ధర తగ్గించమనండి. మెకానిక్ చెప్పిన ధర మీ నోటు పుస్తకంలో ఉందిగా. నాలుగేళ్ల పాత లాప్‌టాప్‌లో రెండు అంకెలూ సమానంగా ఉండి, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు చార్జి అయిందో చెప్పే లెక్క) సున్నా చూపిస్తే, డూప్లికేట్ బ్యాటరీ వేశారేమోనని అడగండి.

ర్యామ్. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, తరువాత మెమరీ నొక్కండి. స్లాట్స్ యూజ్డ్ ఎదురుగా రెండింటిలో ఒకటి అని, ఫామ్ ఫ్యాక్టర్ ఎదురుగా ఎస్‌ఓడిమ్ అని కనిపిస్తే సరి. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అది సోల్డర్ ర్యామ్. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ఇక్కడ నిజం తెలిసిపోతుంది.

మిగతావి వేగంగా చూడండి. నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ కొట్టండి. తెల్ల రంగు నిండిన ఫొటో పెట్టి తెరపై మరకలు, నల్ల రంగు పెట్టి వెలుగు చుక్కలు వెతకండి. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి. చార్జర్ పెట్టి పిన్ కొద్దిగా కదిలిస్తే లైటు ఆరి వెలగకూడదు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యాన్ని శాతంలో చెబుతుంది. చివరగా ఇరవై నిమిషాలు ఆపకుండా వీడియో, బ్రౌజర్ కలిపి నడపండి. దానంతటది ఆఫ్ అయినా, ఫ్యాన్ గరగరమన్నా తీసుకోకండి. టచ్‌ప్యాడ్ ఉబ్బి లేచి ఉంటే లోపల బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించండి. అలాంటిదాన్ని చార్జింగ్‌కు కూడా పెట్టవద్దు, ఉబ్బిన బ్యాటరీని ఎవరూ గుచ్చకూడదు, నొక్కకూడదు.

7. బిల్లు

లాప్‌టాప్ కింద ఉన్న సీరియల్ నంబర్, బయోస్‌లోది, బిల్లు మీదిది మూడూ ఒకటే కావాలి. కంపెనీ వెబ్‌సైట్లో ఆ నంబర్ కొట్టి వారంటీ ఏ తేదీ వరకో చూడండి. సెకండ్ హ్యాండ్‌కు షాపు ఇచ్చే వారంటీ ఎన్ని నెలలు, వేటికి అన్నది నోటి మాటతో వదిలేయకుండా బిల్లు మీద రాయించండి. గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. బిల్లు లేకపోతే అక్కడ మీ మాట నిలవడం కష్టం.

8. మొదటి వారం

చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. లెనోవోలో వాంటేజ్ యాప్‌లో, డెల్‌లో, హెచ్‌పీలో బయోస్‌లో లేదా వాళ్ల యాప్‌లో ఈ వీలు ఉంటుంది. రోజంతా చార్జర్‌కే తగిలించి వాడేవాళ్లకు ఇది బ్యాటరీ ఆయుష్షు పెంచుతుంది.

లాప్‌టాప్ మెటల్ బాడీ మీద చెయ్యి పెడితే జివ్వుమంటే ఇంట్లో ఎర్తింగ్ చూపించండి. మూడు పిన్నుల అడాప్టర్‌ను రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌కు తగిలించకండి. ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్ తీసేయండి.

వేడి సంగతి మనవాళ్లకు ప్రత్యేకం. చాలా లాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్‌లో 35 డిగ్రీల వరకు వాడవచ్చని రాసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన మధ్యాహ్నాలు నలభై దాటుతాయి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడితే కింది గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చాలా ఇళ్లలో నేల కడప బండే కదా, నేల మీద కూర్చొని ఆ బండ మీదే పెట్టుకొని వాడండి. చల్లగా ఉంటుంది, సమంగా ఉంటుంది.

దుమ్ము తీయించడం ఏడాదికి రెండుసార్లు: ఎండలు ముదరకముందు ఉగాది ప్రాంతంలో ఒకసారి, ఆషాఢం గాలులు తగ్గాక ఒకసారి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ల దగ్గర ఉండేవాళ్లు ఇంకా తొందరగా చూసుకోవాలి, ఆ పొడి చాలా మెత్తగా ఉంటుంది. మీరే చేస్తే లాప్‌టాప్ ఆఫ్ చేసి, లోపలి బ్యాటరీ కనెక్టర్ తీసి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకొని మెత్తటి బ్రష్‌తో తుడవండి. రెండేళ్లకోసారి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి పంపడానికి దాని మీద పూసే ముద్ద) మార్పించండి.

నేను ఎక్కువగా చూసిన తప్పులు

బ్యాటరీ తరువాత దొరకదేమోనని ఇంకోటి ముందే కొని బీరువాలో దాచడం. లిథియం బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. అవసరమైనప్పుడే కొత్తది కొనండి.

చవక అడాప్టర్ కొనడం. డెల్‌లో చాలా మోడళ్లు అడాప్టర్‌ను గుర్తుపడతాయి. గుర్తుపట్టకపోతే లాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు. బ్యాటరీ పోయిందనుకొని దాన్ని మార్చినవాళ్లు నాకు తెలుసు. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ తో మొదలయ్యే నంబర్ ఉండాలి. ఆ నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి సరిచూడవచ్చు.

పెద్ద ప్రాసెసర్ కోసం ర్యామ్ స్లాట్ వదులుకోవడం. ఐ7, 8 జీబీ సోల్డర్ ర్యామ్ కన్నా ఐ5, రెండు స్లాట్లు నాలుగో ఏడాదిలో బాగా నడుస్తాయి.

మూతను మూల పట్టుకొని విసురుగా తెరవడం. షాపులో పరీక్షకు ఒకసారి సరే. ఇంట్లో రోజూ పైన మధ్యలో పట్టుకొని తెరవాలని పిల్లలకు మొదటి రోజే చెప్పండి.

సరిగ్గా ఎంచుకున్నామో లేదో ఎలా తెలుస్తుంది?

కొన్న రోజే బ్యాటరీ రిపోర్ట్ ఒకటి తీసి దాచుకోండి. ఆరు నెలలకు మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ కొద్దిగా తగ్గడం మామూలే. ఆరు నెలల్లోనే ఐదో వంతు పోతే, వారంటీ ఉండగానే ఆ రెండు రిపోర్టులూ చూపించి అడగండి. హింజ్ దగ్గర సందు పెరుగుతోందా అని అదే రోజు చూడండి. మొదటి రోజు ఆ మూలను ఫోన్‌లో దగ్గరగా ఫొటో తీసి ఉంచితే తేడా తెలుస్తుంది. వారంటీ ముగియడానికి నెల ముందు మరోసారి అన్ని పోర్టులూ, అన్ని కీలూ పరీక్షించి, ఏ చిన్న లోపం ఉన్నా అప్పుడే కంప్లయింట్ పెట్టండి.

ఒక చిన్న కాగితం మీద మోడల్ పూర్తి పేరు, సీరియల్ నంబర్, బ్యాటరీ పార్ట్ నంబర్, ర్యామ్ రకం, అడాప్టర్ వాట్లు రాసి అడాప్టర్ ఉండే సంచిలో పెట్టండి. పిల్లలు హాస్టల్‌లో ఉండి "నాయనా, లాప్‌టాప్ ఆన్ కావడం లేదు" అని ఫోన్ చేసినప్పుడు మెకానిక్ మొదట అడిగేవి ఆ ఐదే.